కల్పిత స్టూడియో సీజన్ పురస్కారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాగితం మీద మాత్రమే ఉండే చిత్రాలను ఒక బ్యానరు కింద వరుసగా విడుదల చేసే రచయితల బృందాలు, సీజన్ ముగిశాక పురస్కారాల వేడుక జరుపుకోవాలని అనుకున్నప్పుడు ఎదురయ్యే సందేహాలకు ఇవి సమాధానాలు. ఈ సందేహాల్లో చాలావరకు నిజమైన చిత్ర పురస్కారాల చరిత్రలో ఎప్పుడో తలెత్తినవే. అందువల్ల అవసరమైన చోటల్లా ఆ అనుభవాలను కూడా పేర్కొన్నాము.

కల్పిత స్టూడియో అంటే ఏమిటి? తీయని చిత్రాలకు పురస్కారాలు ఇవ్వడంలో అర్థం ఉందా?

కొందరు రచయితలు కలిసి ఒక బ్యానరు పేరు పెట్టుకుని, తాము ఊహించిన చిత్రాలను కథాసంగ్రహం, తారాగణం, సాంకేతిక నిపుణుల జాబితా, పోస్టరు, కొన్నిసార్లు పాటలు, కొన్ని పూర్తి సన్నివేశాలతో సహా రాసి, ముందే ప్రకటించిన తేదీల ప్రకారం ఒకదాని తరువాత ఒకటి విడుదల చేస్తారు. అలా విడుదలైన చిత్రాల వరుసను సీజన్ అంటారు. ఇక్కడ కెమెరా తిరగదు, టికెట్టు తెగదు. అయినా కథ అల్లడం, పాత్రను మలచడం, ఆ పాత్రకు తగిన ముఖాన్ని ఊహించడం, మాటలు రాయడం అన్నీ నిజంగానే జరుగుతాయి. ఆ శ్రమకు డబ్బు రాదు, థియేటరులో ఈలలు వినిపించవు. తన చిత్రాన్ని ఎవరైనా మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా చదవాలన్నదే రచయిత కోరిక. సీజన్ పురస్కారాలు సక్రమంగా జరిగితే బృందంలోని ప్రతి ఒక్కరూ ప్రతి చిత్రాన్నీ చదువుతారు. మా దృష్టిలో ఈ వేడుక అసలు ప్రయోజనం అదే. కింద చెప్పిన ప్రతి నియమాన్నీ ఆ ప్రయోజనంతోనే తూచి చెబుతున్నాము.

ఏ చిత్రాలను పోటీకి అర్హమైనవిగా పరిగణించాలి?

సీజన్ ప్రారంభ తేదీకీ ముగింపు తేదీకీ మధ్య పూర్తిగా విడుదలైన చిత్రాలను మాత్రమే తీసుకోవాలి. ఈ రెండు తేదీలను సీజన్ మొదలుకాకముందే ప్రకటించాలి. ఆస్కార్ పురస్కారాలు కూడా తొలి రోజుల్లో ఈ విషయంలో ఇబ్బంది పడ్డాయి. మొదట్లో ఒక సంవత్సరం ఆగస్టు నుంచి మరుసటి సంవత్సరం జూలై వరకు విడుదలైన చిత్రాలను పరిగణించేవారు. తరువాత జనవరి నుంచి డిసెంబరు వరకు అనే లెక్కకు మారాలని నిర్ణయించినందువల్ల, 1934లో జరిగిన ఆరవ వేడుకలో 1932 ఆగస్టు నుంచి 1933 డిసెంబరు దాకా, అంటే 17 నెలల చిత్రాలను ఒకేసారి పరిశీలించవలసి వచ్చింది. సీజన్ నడుస్తుండగా తేదీలు మారిస్తే మన దగ్గరా ఇలాంటి చిక్కే వస్తుంది. ఎవరి చిత్రం కోసమో గడువు పొడిగించారన్న అనుమానం దానికి తోడవుతుంది.

నిడివి విషయంలోనూ ఒక హద్దు అవసరం. ఆస్కార్‌లు ఇచ్చే సంస్థ అయిన అకాడమీ లెక్క ప్రకారం 40 నిమిషాలు దాటితేనే పూర్తి నిడివి చిత్రం, ఆ లోపు ఉన్నది లఘు చిత్రం. మన చిత్రాలకు నిమిషాలు లేవు కాబట్టి రాతలోని పదాల సంఖ్యను హద్దుగా పెట్టుకోవచ్చు. పది పంక్తుల కథాసంగ్రహాన్నీ, సన్నివేశాలన్నీ రాసిన పూర్తి స్క్రీన్‌ప్లేనూ ఒకే వరుసలో నిలబెట్టడం రెండింటికీ అన్యాయమే. చిన్నవాటికి విడిగా ఒక విభాగం ఏర్పాటు చేయడం మంచిది.

ఎన్ని విభాగాలు ఉండాలి? ఛాయాగ్రహణం, కూర్పు, శబ్దగ్రహణం వంటివాటికి కూడా పురస్కారాలు ఇవ్వాలా?

చాలా బృందాలు తడబడేది ఇక్కడే. టెలివిజన్‌లో చూసిన పెద్ద వేడుకల జాబితాను యథాతథంగా దించుకుని ఇరవైకి పైగా విభాగాలు ప్రకటిస్తారు. తీరా ఓటు వేసే సమయానికి, ఏ చిత్రంలోనూ వర్ణించని ఛాయాగ్రహణానికి ఓటు ఎలా వేయాలో ఎవరికీ తెలియదు. తారాగణం జాబితా కింద ఒక ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడి పేరు రాసినంత మాత్రాన ఆ చిత్రంలో ఛాయాగ్రహణం ఉన్నట్టు కాదు. అప్పుడు ఓటు ఆ పేరుకు పడుతుందే తప్ప రచయిత చేసిన పనికి పడదు.

పేజీ మీద కనిపించే పనికే పురస్కారం ఉండాలన్నది మేము గట్టిగా నమ్మే నియమం. స్వతంత్ర కథ, మరొక రచన ఆధారంగా రాసిన కథ, సంభాషణలు, పాత్ర చిత్రణ, తారాగణం ఎంపిక, పాటల సాహిత్యం, పోస్టరు, ప్రారంభ సన్నివేశం, ముగింపు, అన్నింటికీ మించి ఉత్తమ చిత్రం. చిన్న స్టూడియోకు ఈ జాబితా సరిపోతుంది. ఒక రచయిత వెలుతురునూ, కెమెరా కదలికనూ, దృశ్యాల వరుసనూ అక్షరాల్లోనే కళ్లకు కట్టినట్టు రాసి ఉంటే, దానికి దృశ్య వర్ణన అనే విభాగం పెట్టవచ్చు. ఛాయాగ్రహణం అన్న పేరు కంటే అదే నిజాయితీ గల పేరు.

విభాగాలను మార్చడానికి వెనకాడనవసరం లేదు. 1929లో జరిగిన మొదటి ఆస్కార్ వేడుకలో 12 విభాగాలు ఉండగా, రెండవ వేడుకకు అవి ఏడుకు తగ్గాయి. తొలిసారి హాస్య చిత్ర దర్శకత్వానికీ ఇతర చిత్రాల దర్శకత్వానికీ వేర్వేరు పురస్కారాలు ఇచ్చి, మరుసటిసారికే ఆ విభజనను వదిలేశారు. మూకీ చిత్రాల్లో తెర మీద కనిపించే వాక్యాల రచనకు ఇచ్చిన పురస్కారం కూడా ఆ ఒక్కసారితోనే ఆగిపోయింది. చిత్రాల స్వభావం మారినప్పుడు విభాగాలూ మారాలి. అయితే ఆ మార్పును సీజన్ మొదలయ్యే ముందు ప్రకటించాలి. చిత్రాలన్నీ విడుదలయ్యాక కొత్త విభాగం చేర్చితే, ఎవరిని దృష్టిలో పెట్టుకుని చేర్చారో అందరికీ అర్థమైపోతుంది.

ఒక్కో విభాగంలో ఎన్ని నామినేషన్లు ఉండాలి?

ఐదు అనే అంకెకు అలవాటుపడ్డాము కానీ, సీజన్‌లో వచ్చినవే ఎనిమిది చిత్రాలైతే ఐదు నామినేషన్లకు విలువ ఉండదు, పైగా మిగిలిన ముగ్గురిని పనిగట్టుకుని పక్కన పెట్టినట్టు అవుతుంది. ఆస్కార్ యానిమేషన్ విభాగంలో చాలా ఏళ్లపాటు అర్హమైన చిత్రాలు 16 ఉంటేనే ఐదు నామినేషన్లు ఇచ్చి, తగ్గితే మూడుతో సరిపెట్టేవారు. ఆ పద్ధతి మనకూ నప్పుతుంది. మరీ తక్కువ చిత్రాలు ఉన్న సీజన్‌లో నామినేషన్ల దశను పూర్తిగా వదిలేసి, అన్ని చిత్రాలనూ నేరుగా ఓటింగుకు పెట్టినా తప్పులేదు.

ఎవరూ నటించని చిత్రాలకు ఉత్తమ నటుడు, ఉత్తమ నటి పురస్కారాలు ఎలా ఇస్తారు?

ఈ విభాగం లేకపోతే వేడుకకు కళ రాదన్న మాట నిజమే. కానీ పురస్కారం ఎవరికి దక్కుతుందో స్పష్టంగా చెప్పాలి. పాత్ర పేరునూ, ఆ పాత్రకు ఊహించిన నటుడి పేరునూ ప్రకటించినా, పురస్కారం అందుకునేది ఆ పాత్రను రాసిన రచయితే. ఓటు వేసేవారు కూడా నటుడి మీద తమకున్న అభిమానాన్ని పక్కన పెట్టి, ఆ పాత్రకు రచయిత ఇచ్చిన లోతునూ, ఆ నటుడి గొంతు, నడక, మౌనం ఈ పాత్రకు ఎంతవరకు అమరాయన్నదాన్నీ చూడాలి. తగిన ముఖాన్ని ఎంచడం కూడా ఒక కళే. తారాగణం ఎంపికకు ప్రత్యేక పురస్కారం ఇవ్వాలని అకాడమీ 2024లోగానీ నిర్ణయించలేదు. 2025 చిత్రాలతో ఆ విభాగం మొదలవుతుందని అప్పుడు ప్రకటించింది. కల్పిత స్టూడియోలకు ఈ విభాగం మొదటి రోజు నుంచే ఉండాలి, ఎందుకంటే ఇక్కడ దర్శకుడి పనిలో సగం అదే.

జీవించి ఉన్న నటీనటుల పేర్లు వాడేటప్పుడు ఒక హద్దు తప్పనిసరి. వారి పేరుతో కృతజ్ఞతా ప్రసంగాలు రాయడం, వారు అనని మాటలను వారికి ఆపాదించడం, వారి వ్యక్తిగత జీవితాన్ని కథలోకి లాగడం చేయకూడదు. చదివేవారికి ఇది కల్పన అని తెలియకుండా బయటికి వెళ్లే అవకాశం ఉన్న ప్రతి ప్రకటన మీదా కల్పితమని స్పష్టంగా రాయాలి.

ప్రధాన పాత్ర, సహాయ పాత్ర అన్న తేడాను ఎవరు నిర్ణయిస్తారు?

రచయిత చిత్రాన్ని విడుదల చేసేటప్పుడే తారాగణం జాబితాలో పేర్కొనాలి, ఒక పాత్రను ఒక్క విభాగంలోనే పరిగణించాలి. 1944 చిత్రాలకు ఇచ్చిన ఆస్కార్‌లలో బ్యారీ ఫిట్జ్‌జెరాల్డ్ ఒకే చిత్రంలోని ఒకే పాత్రకు ఉత్తమ నటుడు, ఉత్తమ సహాయ నటుడు అనే రెండు విభాగాల్లోనూ నామినేషన్ పొందారు. ఆయనకు సహాయ నటుడి పురస్కారం దక్కింది. అలాంటిది మళ్లీ జరగకుండా అకాడమీ వెంటనే నియమాలు మార్చింది. గెలుపు సులభమని ప్రధాన పాత్రను సహాయ పాత్రగా చూపే ప్రయత్నం జరిగితే, దాన్ని మార్చే అధికారం నిర్వాహకులకు ఉండాలి.

విజేతలను జ్యూరీ ఎంపిక చేయాలా, అందరూ ఓటు వేయాలా?

రెండు పద్ధతులకూ గౌరవనీయమైన చరిత్ర ఉంది. భారత జాతీయ చలనచిత్ర పురస్కారాలనూ, కాన్ చిత్రోత్సవ పురస్కారాలనూ జ్యూరీలు నిర్ణయిస్తాయి. ఆస్కార్‌లలో చాలా విభాగాలకు అకాడమీలోని ఆయా వృత్తి శాఖల సభ్యులు నామినేషన్లు ఎంపిక చేస్తే, చివరి ఓటు అన్ని శాఖల సభ్యులూ వేస్తారు.

జ్యూరీ ఉంటే చర్చ జరుగుతుంది, కారణాలు చెప్పగలుగుతారు. అయితే చిన్న బృందంలో జ్యూరీ సభ్యులు కూడా రచయితలే అయి ఉంటారు కాబట్టి, తమ చిత్రం పోటీలో ఉన్న విభాగం నుంచి వారు తప్పుకోవాలి. అలా తప్పుకుంటూ పోతే కొన్ని విభాగాలకు ఎవరూ మిగలరు. ఓటింగులో ఆ చిక్కు లేదు గానీ, స్నేహాలు ఎక్కువ ఉన్నవారికి మేలు జరిగే ప్రమాదం ఉంది. మేము మధ్యేమార్గాన్ని సూచిస్తాము. పాటలు, పోస్టరు, సంభాషణలు వంటి నైపుణ్య విభాగాలను, వీలైతే ఆ సీజన్‌లో చిత్రం రాయని ముగ్గురు పాఠకుల జ్యూరీకి అప్పగించి, ఉత్తమ చిత్రాన్నీ పాత్రల విభాగాలనూ అందరి ఓటుకు విడిచిపెట్టాలి. జ్యూరీ ప్రతి ఎంపికకూ నాలుగైదు వాక్యాల్లో కారణం రాసి ప్రకటించాలి. గెలవని రచయిత కూడా ఆ కారణం చదివి ఎంతో కొంత నేర్చుకోగలుగుతాడు.

తమ చిత్రానికి తామే ఓటు వేసుకోవచ్చా?

వద్దని మా అభిప్రాయం. వేలమంది సభ్యులు ఉన్న సంస్థలో ఒక్క ఓటు తేడా తేదు, పదిహేను మంది ఉన్న చోట తెస్తుంది.

ఓట్లను ఎలా లెక్కించాలి?

నామినేషన్లు రెండే ఉన్నప్పుడు ఎక్కువ ఓట్లు వచ్చిన చిత్రం గెలుస్తుంది, అందులో ఇబ్బంది లేదు. మూడు, అంతకు మించి ఉన్నప్పుడు మాత్రం ప్రాధాన్య క్రమ పద్ధతి వాడటం మేలు. ప్రతి ఓటరూ నామినేషన్లను తనకు నచ్చిన వరుసలో రాస్తారు. ఆస్కార్‌లలో ఉత్తమ చిత్రానికి 2009 చిత్రాల నుంచి నామినేషన్లు ఐదుకు మించి పెరిగినప్పుడు ఈ పద్ధతినే తిరిగి తెచ్చారు.

ఒక ఉదాహరణ చూద్దాం. క, చ, ట, త అనే నాలుగు చిత్రాలు, ఇరవై మంది ఓటర్లు ఉన్నారు. గెలవాలంటే సగానికి మించి, అంటే 11 ఓట్లు కావాలి. మొదటి ప్రాధాన్య ఓట్లు క చిత్రానికి 8, చ చిత్రానికి 6, ట చిత్రానికి 4, త చిత్రానికి 2 వచ్చాయి. ఎవరికీ 11 రాలేదు కాబట్టి అందరికంటే తక్కువ వచ్చిన త చిత్రాన్ని తొలగించి, దానికి ఓటు వేసిన ఇద్దరి రెండవ ప్రాధాన్యం చూడాలి. ఆ ఇద్దరూ చ చిత్రాన్ని రాశారనుకుంటే క 8, చ 8, ట 4 అవుతాయి. ఇప్పుడు ట చిత్రాన్ని తొలగిస్తే, ఆ నలుగురిలో ముగ్గురి తరువాతి ఎంపిక చ, ఒకరిది క. చివరికి చ చిత్రం 11 ఓట్లతో, 9 ఓట్లు వచ్చిన క చిత్రం మీద గెలుస్తుంది. మామూలు లెక్కలో అయితే, పన్నెండు మంది మొదటి ఎంపికగా కోరుకోని క చిత్రమే గెలిచి ఉండేది. ఎక్కువమందికి ఎంతో కొంత ఇష్టమైన చిత్రానికి న్యాయం జరగాలంటే ఈ శ్రమ తప్పదు. లెక్కింపును ఇద్దరు విడివిడిగా చేసి, ఫలితాలు సరిపోల్చుకోవాలి.

ఓటు వేసేవారు అన్ని చిత్రాలనూ చదివారని ఎలా తెలుస్తుంది?

పూర్తిగా తెలుసుకునే మార్గం లేదు. అయినా చదవడాన్ని నియమంగా పెట్టాలి. చివరి దశలో ఒక విభాగానికి ఓటు వేయాలంటే ఆ విభాగంలో నామినేషన్ పొందిన చిత్రాలన్నింటినీ చూసి తీరాలని అకాడమీ కూడా 2025లో నియమం చేసింది. అంత పెద్ద సంస్థకే ఆ నియమం అవసరమైందంటే, చూడకుండా వేసే ఓటు ఎంత సహజమైన బలహీనతో అర్థం చేసుకోవచ్చు.

మేము సూచించే పద్ధతి ఇది. ఓటు పత్రంలో ప్రతి నామినేషన్ పక్కనా ఆ చిత్రంలో తనకు గుర్తుండిపోయిన ఒక సన్నివేశం గురించో, మాట గురించో ఓటరు ఒక వాక్యం రాయాలి. చదవని చిత్రం గురించి ఆ వాక్యం రాయడం కష్టం. వేడుక ముగిశాక ఆ వాక్యాలన్నింటినీ, రాసినవారి పేర్లు తీసివేసి, ఆయా రచయితలకు పంపించాలి. పురస్కారం ఒకరికే వెళుతుంది కానీ ఈ వాక్యాలు అందరికీ అందుతాయి. సీజన్ మొత్తం మీద రచయితకు దక్కే అత్యంత విలువైన వస్తువు ఇదేనని మా నమ్మకం. ఇందుకోసం చివరి చిత్రం విడుదలకూ ఓటింగు గడువుకూ మధ్య తగినన్ని వారాలు ఇవ్వాలి. సీజన్ చివర్లో వచ్చిన చిత్రాలు తాజాగా గుర్తుండి, మొదట్లో వచ్చినవి మరుగున పడే ప్రమాదం కూడా ఆ వ్యవధిలో కొంత తగ్గుతుంది.

ఊహించి రాసిన వసూళ్ల అంకెలను పరిగణించవచ్చా?

కూడదు. స్టూడియో ఆటలో భాగంగా వసూళ్లు రాసుకోవచ్చు గానీ, అవి ఎవరో వేసిన అంచనాలు మాత్రమే. ఓటు పత్రంలో వాటి ప్రస్తావన ఉండకూడదు.

ఓట్లు సమానంగా వస్తే ఏం చేయాలి?

ఇద్దరికీ ఇవ్వాలి. 1932 నవంబరులో జరిగిన ఆస్కార్ వేడుకలో ఫ్రెడ్రిక్ మార్చ్‌కు వాలెస్ బీరీ కంటే ఒక ఓటు ఎక్కువ వచ్చినా, తేడా మూడు ఓట్ల లోపు ఉంటే సమానమేనన్న అప్పటి నియమం ప్రకారం ఇద్దరికీ ఉత్తమ నటుడి పురస్కారం ఇచ్చారు. 1969లో క్యాథరీన్ హెప్‌బర్న్, బార్బ్రా స్ట్రైసాండ్‌లకు ఓట్లు సరిగ్గా సమానంగా రావడంతో ఇద్దరూ ఉత్తమ నటి పురస్కారం అందుకున్నారు. నిర్వాహకుడి అదనపు ఓటుతో తేల్చడం కంటే పంచి ఇవ్వడమే అందరికీ మర్యాద.

ఫలితాలను రహస్యంగా ఉంచడం నిజంగా అవసరమా?

అవసరమే. 1929 మే 16న జరిగిన మొదటి ఆస్కార్ వేడుకకు విజేతల పేర్లు దాదాపు మూడు నెలల ముందే అందరికీ తెలుసు. ఆ రోజు పురస్కారాలు అందజేయడానికి పట్టిన సమయం సుమారు 15 నిమిషాలు. ఆ తరువాతి ఏళ్లలో, రాత్రి పదకొండు గంటలకు ప్రచురించాలన్న షరతుతో ఫలితాలను పత్రికలకు ముందుగా ఇచ్చేవారు. 1940లో ఒక దినపత్రిక ఆ సమయం కంటే ముందే బయటపెట్టడంతో, 1941 నుంచి సీలు వేసిన కవర్ల పద్ధతి మొదలైంది. ఎదురుచూపు లేని వేడుకకు జనం రారు.

రహస్యంతో పాటు జాగ్రత్త కూడా కావాలి. వేదికకు రెండు వైపులా ఒక్కో విభాగానికి ఒక్కో కవరు చొప్పున రెండు జతలు సిద్ధంగా ఉంచే పద్ధతిలో, 2017 వేడుకలో ఉత్తమ చిత్రం ప్రకటించేవారి చేతికి అప్పటికే ప్రకటించిన ఉత్తమ నటి విభాగపు రెండవ కవరు వెళ్లింది. గెలవని చిత్రం నిర్మాతలు వేదిక మీద కృతజ్ఞతలు చెబుతుండగా తప్పును సరిదిద్దవలసి వచ్చింది. మనం ప్రకటనలను ముందే టైపు చేసి ఉంచుకుంటాము కాబట్టి ప్రతి ప్రకటనలోనూ విభాగం పేరు, చిత్రం పేరు, రచయిత పేరు మూడూ ఉండాలి. వాడిన ప్రకటనను వెంటనే జాబితా నుంచి తొలగించాలి.

వేడుకను ఎలా నడపాలి?

ఒకే సాయంత్రం, అందరూ ఒకేసారి హాజరయ్యేలా జరపడం మంచిది. ప్రతి విభాగానికీ ముందు నామినేషన్ పొందిన రచనల నుంచి ఒక చిన్న భాగాన్ని చదివి వినిపించాలి. పెద్ద వేడుకల్లో చిత్రాల నుంచి దృశ్యాలు చూపించేది ఇందుకే. చదివేది ఆ రచయిత కాకుండా మరొకరైతే ఇంకా బాగుంటుంది, తన మాట మరో గొంతులో వినడం రాసినవారికి అరుదైన అనుభవం. ప్రసంగాలకు హద్దు పెట్టాలి. 1943లో నటి గ్రీర్ గార్సన్ అయిదు నిమిషాలకు పైగా మాట్లాడిన ప్రసంగాన్ని, 2025లో నటుడు ఏడ్రియన్ బ్రోడీ దాన్ని మించేదాకా, అతి దీర్ఘమైన ఆస్కార్ ప్రసంగంగా చెప్పుకునేవారు. ఆస్కార్ వేదిక మీద ఇప్పుడు పాటించే 45 సెకన్ల హద్దు మరీ తక్కువ. అభిమానంతో రాసేవారికి రెండు నిమిషాలైనా ఇవ్వాలి.

జ్ఞాపిక విషయంలో ఆర్భాటం అవసరం లేదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో లోహం కొరత వల్ల ఆస్కార్ ప్రతిమలను కూడా కొన్నేళ్లు ప్లాస్టరుతో చేసి ఇచ్చారు. చక్కగా రూపొందించిన ప్రశంసాపత్రం చాలు.

సరదాకు చెత్త చిత్రం పురస్కారం కూడా ఇవ్వవచ్చా?

దయచేసి ఇవ్వకండి. 1981లో మొదలైన, చెత్త చిత్రాలకు ఇచ్చే గోల్డెన్ రాస్ప్‌బెర్రీ పురస్కారాలు పారితోషికం తీసుకుని పనిచేసే ప్రసిద్ధులను ఉద్దేశించినవి. వాటికే హద్దు తప్పిన సందర్భాలు ఉన్నాయి. 2022లో బ్రూస్ విల్లిస్ చిత్రాల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టి, ఆయన మాటను దెబ్బతీసే వ్యాధితో బాధపడుతున్నారని తెలిశాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది పన్నెండేళ్ల బాలికకు చెత్త నటి నామినేషన్ ఇచ్చి, విమర్శలు రావడంతో తొలగించి, పద్దెనిమిదేళ్ల లోపువారిని ఇకపై పరిగణించబోమని ప్రకటించారు. మన రచయితలు తీరిక సమయంలో, ప్రేమతో రాసేవారు. తొలి చిత్రం రాసిన మనిషిని అందరి ముందు నవ్వులపాలు చేస్తే, ఆ మనిషి రెండవ చిత్రం రాయడు. దాని బదులు తొలి రచనకు ఒక పురస్కారం పెట్టండి.

పురస్కారం ఇచ్చాక ఆ చిత్రం అనర్హమైనదని తేలితే?

వెనక్కి తీసుకోవాలి, కారణాన్ని బహిరంగంగా చెప్పాలి, తరువాతి స్థానంలో ఉన్నవారికి ఇవ్వాలి. 1969లో ఒక డాక్యుమెంటరీకి ఆస్కార్ ఇచ్చిన కొన్ని వారాలకు, అది 1967లోనే ప్రదర్శితమైందని తెలియడంతో పురస్కారాన్ని రద్దు చేసి మరో చిత్రానికి ఇచ్చారు. మన దగ్గర ఎక్కువగా తలెత్తేది ఇతరుల రచనను కాపీ చేశారన్న ఆరోపణ. అటువంటప్పుడు ముందుగా రచయిత వివరణ వినాలి, రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి జ్యూరీ చదవాలి, ఆ తరువాతే నిర్ణయం ప్రకటించాలి. రాయడంలో యంత్రం సాయం ఎంతవరకు అనుమతిస్తారన్నది సీజన్ నియమాల్లోనే రాసి ఉంచితే, తీర్పు చెప్పే రోజున కొత్త నియమం సృష్టించవలసిన అవసరం రాదు.

ఫలితాలను ఎలా భద్రపరచాలి?

విజేతల పేర్లు మాత్రమే దాచుకోవడం సరిపోదు. నామినేషన్ల పూర్తి జాబితా, జ్యూరీ రాసిన కారణాలు, ఆ సీజన్‌కు వర్తించిన నియమాల ప్రతి, అన్నింటికంటే ముఖ్యంగా ప్రతి చిత్రపు పూర్తి పాఠం ఒకే చోట, కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. ఓట్ల సంఖ్యను ప్రకటించాలా వద్దా అన్నది బృందం ముందే నిర్ణయించుకోవాలి. మేమైతే గెలిచిన చిత్రానికి చివరి లెక్కలో వచ్చిన ఓట్లను మాత్రమే ప్రకటించి, మిగిలినవాటిని అడిగిన రచయితకు విడిగా తెలియజేయడాన్ని సమర్థిస్తాము. కొత్తగా చేరే సభ్యులకు పాత సీజన్ల నుంచి నామినేషన్ పొంది గెలవని చిత్రాలను మొదట చదవమని ఇవ్వండి, విజేతలను వారు ఎలాగూ వెతుక్కుని చదువుతారు.